పెట్టె దాహం

కొత్తపేట బస్టాండు దాటి కాలవ గట్టు వెంట నాలుగడుగులు వేస్తే రేకుల పంచ కింద ఒక గది కనిపిస్తుంది. బోర్డు లేదు. గుమ్మం పక్కన విప్పిన హార్మోనియం తిత్తులు రెండు మూడు ఎప్పుడూ వేలాడుతూ ఉంటాయి గనక బోర్డు అవసరం పడలేదు. ఆ గది ఆనందరావుది. హార్మోనియాన్ని ఆ చుట్టుపక్కల పెట్టె అనే అంటారు. చర్చిలో పాటలకు వాయించేదైనా, రామమందిరంలో భజనకు వాయించేదైనా, పద్యనాటకాలవాళ్లు ఊరూరా మోసుకు తిరిగేదైనా, పెట్టెకు గొంతు పోయిందంటే ఆ గుమ్మం తొక్కాల్సిందే. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఇదే పని.

పనిలో ఆయనకు వంక పెట్టేవాళ్లు లేరు. పెట్టె మీద వేలు వెయ్యకముందే, తిత్తి ఊదిన చప్పుడు విని జబ్బు చెప్పేస్తాడు. ఒక్కటే చిక్కు. తప్పు నాది అనే మాట ఆయనకు నోరు తిరగదు. పెళ్లయి ముప్ఫై మూడేళ్లయినా భార్య రూతు కూడా ఆ మాట ఆయన నోట వినలేదు. బాగుచేసిన పెట్టె మూడో నెలలో మళ్లీ మూలిగితే, "గోదావరి గాలండి, ఏం చేస్తాం" అంటాడు. కూరలో ఉప్పు తానే రెండుసార్లు వేసినా గోదావరి గాలే. అలాంటప్పుడు రూతు వాదించదు. "ఆయ్" అంటుంది. కోనసీమలో ఆయ్ అంటే సరేనండి అని అర్థం. రూతు అనే ఆయ్‌కి మాత్రం, మీరెంత సత్యవంతులో నాకు తెలుసులెండి అని అర్థం.

నిజానికి గాలిని తిట్టడంలో ఆయన తప్పూ లేదు. ఆ నేల మీద కాపురం చేసేవాళ్లకు చెమ్మ ఒక ఇంటిమనిషి. జూన్‌లో మూసిన తలుపు నవంబరుకు గానీ మర్యాదగా తెరుచుకోదు. డబ్బాలో ఉప్పు ముద్దవుతుంది, అగ్గిపుల్ల గీస్తే నలుపు పడుతుంది తప్ప వెలగదు, ట్రంకులో దాచిన పెళ్లినాటి చెప్పులకు పచ్చటి బూజు మొలుస్తుంది. ఇక హార్మోనియం సంగతి చెప్పాలా? మెట్లు ఉబ్బి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నొక్కిన మెట్టు పైకి లేవదు. లేవకపోతే దాని కింద గాలిరంధ్రం మూసుకోదు. మూసుకోకపోతే ఆ స్వరం వేలు తీసేసినా కూస్తూనే ఉంటుంది. అలా కూసే పెట్టెలను ఆనందరావు కొన్ని వందలు చూసుంటాడు. అన్నిటికీ ఒకటే జబ్బు, చెమ్మ. అన్నిటికీ ఒకటే వైద్యం. మూత విప్పి, లోపల చిన్న బల్బు వెలిగించి, రెండు రోజులు ఆరబెట్టడం. పెట్టెను తిరిగి అప్పగించేటప్పుడు ఒకటే మాట.

"పెట్టెకి శత్రువు చెమ్మేనండి. పొడిగా ఉంచుకోండి, పదికాలాలు పాడుద్ది."

ఈ మాటే చివరికి ఆయన మెడకు చుట్టుకుంది.

కరుణ కువైట్‌లో ఇరవై ఒక్క ఏళ్లు నర్సుగా చేసి రెండున్నరేళ్ల కిందట సొంతూరు వచ్చేసింది. భర్త సుధీర్ అక్కడే క్రేను నడిపేవాడు. ఇద్దరూ కలిసి పలివెల రోడ్డులో డాబా కట్టుకున్నారు. కరుణ నాన్నగారు బడిలో మాస్టారు. బడి లేనప్పుడు చర్చిలో పెట్టె వాయించేవారు. కోత పండుగ ఆదివారం నాడు, రైతులు తొలి పనలు తెచ్చి బలిపీఠం ముందు పెట్టేటప్పుడు పాడే పాట ఆయనే కట్టారు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ పాట ఆ పెట్టె మీదే పలికింది. ఆయన పోయాక పెట్టె చర్చి వెనక గదిలో మూలపడి, బూజు పట్టి, మూగదైపోయింది. కరుణ తిరిగొచ్చాక చేసిన మొదటి పని దాన్ని దుప్పట్లో చుట్టి ఆనందరావు దగ్గరకు తేవడం.

ఆ పెట్టెను చూడగానే ఆనందరావు లేచి నిలబడ్డాడు. పద్నాలుగేళ్ల వయసులో అతను మొదటిసారి లోపల చూసిన పెట్టె అదే. మాస్టారే మూత విప్పి, "చూడరా, పాట ఎక్కడ పుడుతోందో" అని చూపించారు. ఆ రోజు చూసిన చూపే అతని బతుకైంది. ఇప్పుడు నలభై రోజులు ఇంకో పని ముట్టుకోకుండా ఆ పెట్టె మీదే కూర్చున్నాడు. కొత్త తోలు వేశాడు, స్వరం పలికే ఇత్తడి రేకులన్నీ శుభ్రం చేశాడు, ఆ రేకులు బిగించే పనస చెక్క పలకను పెట్టె గోడల మధ్య కాగితం కూడా దూరనంత బిగువుగా కూర్చాడు. అప్పగించేటప్పుడు ఆ మాట మామూలుకన్నా రెండుసార్లు ఎక్కువ చెప్పాడు.

కరుణ నర్సు. రాసిచ్చిన మందు రాసిచ్చిన వేళకు వెయ్యడం ఆవిడకు ఒంటికి పట్టిన అలవాటు. పొడిగా ఉంచమన్నారు గదా అని మేడమీద ఒక గది పెట్టెకే కేటాయించి, కిటికీలు బిగించి, ఏసీ పెట్టించింది. సుధీర్ అక్కడితో ఊరుకుంటాడా? మిషన్లంటే అతనికి ప్రాణం. గాలిలో చెమ్మను పీల్చి కింద తొట్టిలో నీళ్లుగా పోసే మిషను ఒకటి తెప్పించాడు. దాని ముఖాన చెమ్మ ఎంతుందో చూపే అంకె ఒకటి వెలుగుతూ ఉంటుంది. బయట గాలికి ఎనభై దాటి చూపే అంకె ఆ గదిలో ముప్ఫై నాలుగుకు దిగింది. తొట్టి నిండితే బకెట్టులో వంపేవాడు. ఇంటికి వచ్చినవాళ్లకు మంచినీళ్లకన్నా ముందు ఆ బకెట్టు చూపించేవాడు.

"చూడండి బావగారూ, ఒక్కరోజు నీళ్లివి. ఇన్ని నీళ్లు పెట్టె మీద పడేవన్నమాట," అన్నాడు ఆనందరావుతో.

ఆనందరావు ఆ బకెట్టు వంక, కొడుకు డిగ్రీ పట్టా చూసుకున్నంత గర్వంగా చూసుకున్నాడు. ఆ తర్వాత ఏ ఊరు వెళ్లినా అదే కబురు. రావులపాలెం చర్చిలో చెప్పాడు, మురమళ్ళ భజన బృందంలో చెప్పాడు, దిండిలో నాటకాలాయనకు చెప్పాడు. "కరుణమ్మగారు ఉంచినట్టు ఉంచాలండి పెట్టెని" అనేవాడు. కొందరు విన్నారు. సంఘపెద్దల ఇళ్లలో, డాక్టర్ల ఇళ్లలో ఏసీ ఉన్న గది వెతికి, మంచం పక్కన పెట్టెను పడుకోబెట్టారు. రెండేళ్లలో అలా పదకొండు పెట్టెలు చల్లటి గదుల్లో కాపురం పెట్టాయి.

అక్టోబరు ఆఖరున, కోత పండుగకు నాలుగు వారాలుందనగా కరుణ ఫోను చేసింది.

"అన్నయ్యగారూ, ముట్టుకోకుండానే ఒక మెట్టు పలుకుతోందండి. తిత్తి ఊదితే చాలు, కూత మొదలవుతోంది."

ఆనందరావు స్కూటరు మీద వెళ్లాడు. మధ్య వరసలో ఒక నల్లమెట్టు. వేలు వెయ్యకపోయినా సన్నగా కూస్తోంది. ఇందులో ఆలోచించేదేముంది? కొన్ని వందల పెట్టెల్లో విన్న కూతే.

"చెమ్మేనమ్మా. ఎక్కడో దూరింది. మిషను రాత్రింబవళ్లు ఆపకండి. ఏసీ ఇంకో రెండు అంకెలు తగ్గించండి," అన్నాడు.

"ఆయ్, అలాగేనండి," అంది కరుణ. చెప్పిన మందు చెప్పినట్టు వేసింది.

వారం తిరిగేసరికి ఒకటి కాదు, నాలుగు మెట్లు కూస్తున్నాయి. తిత్తి రెండింతలు ఊదితే గానీ మిగతా స్వరాలు పైకి రావడంలేదు. పెట్టె పాడుతున్నట్టు లేదు, ఆయాసపడుతున్నట్టుంది. పైగా ఆ గదిలో ఇంకా ఏవేవో జరుగుతున్నాయి. మధ్యాహ్నం భోంచేస్తుండగా మేడమీద ఫట్‌మని చప్పుడైతే వెళ్లి చూశారు. టేకు బీరువా తలుపు పలక నిలువునా చీలి ఉంది. మాస్టారి ఫోటో చట్రం నాలుగు మూలలా నోరు తెరిచింది. ఆయన బైబిలు అట్ట పైకి వంకర తిరిగి, దాని మీద కళ్లజోడు పెట్టినా జారిపోతోంది. ఒకప్పుడు వానాకాలమంతా భుజంతో తోస్తే గానీ తెరుచుకోని తలుపు ఇప్పుడు ఫ్యాను గాలికే టకటకలాడుతోంది. సుధీర్ పెదాలు పగిలి, నవ్వాలంటే వెన్న రాసుకుని నవ్వుతున్నాడు. బీరువాది పచ్చి కర్ర అన్నారు, ఫోటోకు మేకులు సరిగా పడలేదన్నారు, పెదాలకు వయసన్నారు. పొడిదనం వల్ల ఇంట్లో వస్తువు పాడవుతుందని కోనసీమలో పుట్టినవాడికి ఎలా తడుతుంది? నీళ్లలో ఉన్నవాడు దాహం గురించి ఆలోచించడు గదా.

కరుణ మళ్లీ పిలిస్తే వచ్చిన ఆనందరావుకు ఆ రోజు పెట్టె మూత తియ్యాలంటే మొదటిసారి భయం వేసింది. తీశాడు. ఏమీ అర్థంకాలేదు. మెట్లు ఉబ్బలేదు. తుప్పు లేదు. బూజు లేదు. ఎదురుగా కరుణ చేతులు కట్టుకుని, డాక్టరు ఏం చెబుతాడా అని నిలబడి ఉంది.

"పాత కర్రమ్మా," అన్నాడు చివరికి. "మాస్టారి కాలంనాటిది. వయసైపోయింది. మనం ఏం చేసినా ఇంతే."

కరుణ తీసిన మూత అందుకుని పెట్టె మీద పెట్టింది. తర్వాత నెమ్మదిగా, "పోనీలెండి అన్నయ్యగారూ. మీరు చేయగలిగింది చేసేరు. పండక్కి కీబోర్డు వాయిస్తానులెండి. ఇది మాత్రం ఇలాగే ఈ గదిలో భద్రంగా ఉంచుతాం, మిషను ఆపం," అంది.

కోప్పడితే బాగుండేది. ఆనందరావు మేడమెట్లు దిగుతుంటే మాస్టారి పెట్టెను ఆ చల్లగదిలో సమాధి చేసి వస్తున్నట్టనిపించింది.

ఇదిలా ఉండగా రూతుకు వేరే కష్టం వచ్చింది. కోత పండుగ నాడు చర్చి ఆవరణలో అందరికీ భోజనాలు. స్త్రీల సమాజంలో వంటలు పంచుకున్నప్పుడు సాంబారులోకి గుమ్మడి వడియాలు రూతు వంతుకు వచ్చాయి. నాలుగు బూడిద గుమ్మడికాయలు తరిగి, ఉప్పువేసి పిండి, మినప్పిండి కలిపి వడియాలు పెట్టిందో లేదో, అల్పపీడనం పట్టుకుంది. సూర్యుడు కనబడితే ఒట్టు. రెండో రోజుకు పిండి పులుపు వాసన మొదలెట్టింది. అప్పుడు ఆవిడకు కరుణ ఇంటి మేడమీది గది గుర్తొచ్చింది. వడియాల పళ్లేలు ఆరు ఆటోలో వేయించుకుని నేరుగా వెళ్లింది.

"వదినా, నీ పెట్టె పక్కన నా వడియాలు కూడా కాస్త పడుకుంటాయమ్మా. ఏమనుకోకు," అంది.

"ఎంతమాట వదినగారూ. అది ఎలాగూ పాడడంలేదు. వాటికైనా పనికొస్తుందిలెండి," అని కరుణ నవ్వింది.

మర్నాడు సాయంత్రం రూతు వెళ్లి చూసి నోరు తెరిచింది. నడి ఎండలో నాలుగు రోజులు పట్టే వడియాలు ఒక్కరోజులో గలగలలాడుతున్నాయి. ముట్టుకుంటే విరుగుతున్నాయి. చాలావాటికి నడిమధ్యన పగులు. ఆవిడ ఒక వడియం చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. తర్వాత చీలిన బీరువా తలుపు చూసింది. మాస్టారి ఫోటో చట్రం చూసింది. పెట్టె చూసింది. పళ్లేలు సర్దుకుని తిన్నగా మొగుడి గదికి వెళ్లింది.

"ఏవండీ, ఇది చూడండి," అని పగిలిన వడియం ఆయన ముందు పెట్టింది.

"పిండి సరిగా కలిపుండవు," అన్నాడు ఆనందరావు.

"ఆయ్. ముప్ఫై ఏళ్లుగా కలుపుతున్నాను, ఈ ఏడే మర్చిపోయినట్టున్నాను. వడియం నెమ్మదిగా ఆరితే నిండుగా ఉంటదండి. తొందరగా లాగేస్తే నడుం విరుగుతది. ఒక్కరోజుకే నా వడియాలు ఇలా అయిపోతే, రెండేళ్లుగా ఆ గదిలో ఉన్న కర్ర ఏమవ్వాలి?"

"కర్రకీ వడియానికీ పోలికేంటే?"

"నాకేం తెలుసండి, నేను పెట్టెలు బాగుచేసేదాన్నా?" అని వెళ్లిపోయింది.

ఆనందరావు ఆ వడియాన్ని బల్ల మీంచి తీసి పడెయ్యలేకపోయాడు. అరగంట దాన్నే చూస్తూ కూర్చుని, చీపురులోంచి ఒక కొబ్బరి ఈనె లాగి జేబులో పెట్టుకుని స్కూటరు తీశాడు.

కరుణ వాళ్లు చర్చికి వెళ్లారు. సుధీర్ తల్లి తలుపు తీసింది. ఆయన మేడెక్కి పెట్టె మూత విప్పాడు. ఈసారి మెట్లు చూడలేదు. పలక అంచున, రెండేళ్ల కిందట కాగితం దూరని చోట, ఈనె పెట్టి తోశాడు. ఈనె హాయిగా లోపలికి వెళ్లిపోయింది. ఇంకో పక్క పెట్టాడు. అక్కడా వెళ్లింది. పలక నాలుగు వైపులా కుంచించుకుపోయి ఉంది. తిత్తి ఊదిన గాలి అంతా ఆ సందుల్లోంచి పోతోంది. మెట్టు కింద గాలిరంధ్రాన్ని మూసే చెక్కకు అతికించిన తోలు అప్పడంలా ముడుచుకుని, రంధ్రం మీద కూర్చోవడంలేదు. అందుకే కూత. మెట్టు ఉబ్బినా అదే కూత, తోలు ఎండినా అదే కూత. ముప్ఫై ఎనిమిదేళ్లలో మొదటి రకమే చూశాడు గనక రెండోది ఒకటుందని తెలియలేదు. దాహంతో ఉన్నవాడి చేతిలోంచి గ్లాసు లాక్కుంటూ వచ్చాడు.

పక్కన మిషను చిన్నగా గురక పెడుతోంది. కింద బకెట్టు నిండా నీళ్లు. రెండేళ్లుగా గర్వంగా చూసుకున్న ఆ నీళ్లలో మాస్టారి పెట్టె ఒంట్లోంచి లాగిన నీళ్లూ ఉన్నాయని అప్పుడు తెలిసింది. ఆనందరావు కళ్లు చెమర్చాయి. ఆ గదిలో ఆ కాస్త తడీ ఎక్కువసేపు నిలవలేదు.

వయసైపోయిందన్న మాటే ఉంచేస్తే సరిపోతుంది. కరుణ నమ్మింది. ఊరు నమ్ముతుంది. పెట్టెలవాడి మాట పోతే పెట్టెలెవరు తెస్తారు? స్కూటరు మీద ఇల్లు చేరేదాకా ఇలాగే తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. రూతు అన్నం పెట్టింది. సాంబారు పక్కన వేయించిన వడియాలు నాలుగు వేసింది. ఆయన ఒకటి తుంచి, నోటిదాకా తెచ్చి, పళ్లెంలోనే పెట్టేశాడు. రూతు చూసింది. కనీసం ఆయ్ అనైనా అనలేదు. ఆయనకు అదే కష్టంగా ఉంది.

మర్నాడు పొద్దున్నే కరుణ ఇంటికి వెళ్లాడు. ఆవిడ వంటింట్లో ఉంది, సుధీర్ పేపరు చదువుతున్నాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"అమ్మా, పెట్టెకి వయసు అవ్వలేదమ్మా. నేను అబద్ధం చెప్పేను. పొడిగా ఉంచమన్నది నేనే, ఇంకా ఆరబెట్టమన్నదీ నేనే. ఎండిపోయి పలక చిక్కిపోయిందమ్మా. తప్పు..." అని ఆగాడు. "తప్పు నాదమ్మా."

సుధీర్ పేపరు మడిచాడు. కరుణ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. ఆవిడ ముఖంలో కోపం కోసం ఆనందరావు వెతికాడు. అది కనబడలేదు. ఏదో గుర్తుతెచ్చుకుంటున్నట్టుంది.

"అన్నయ్యగారూ, నాన్నగారు పెట్టెని ఎక్కడ పెట్టేవారో గుర్తుందాండి?"

ఆనందరావుకు గుర్తుంది. ఆదివారం చర్చికి మోసుకెళ్లినా, మిగతా రోజులు పాత పెంకుటింటి నడవలో, మంచినీళ్ల కుండ పక్కన చెక్కబల్ల మీద ఉండేది. కుండ చెమర్చి కింద ఇసుకలోకి చుక్కలు పడుతుంటే మాస్టారు వాయించేవారు. అటు కుండ, ఇటు పెట్టె. నలభై ఏళ్లు ఆ పెట్టె ఆ చల్లదనంలోనే పాడింది.

"మనిద్దరం చూసిందే గదండీ. నాకెందుకు గుర్తురాలేదు? నాకూ సగం వాటా ఉందండి ఇందులో," అంది కరుణ. తర్వాత నర్సు గొంతుతో, "సరే, ఇప్పుడు బతుకుతుందా? పండక్కి పద్దెనిమిది రోజులుంది," అంది.

సందుల్లో మైనం పోస్తే ఒక్క పూటలో పెట్టె పలుకుతుంది. పండుగ గడిచిపోతుంది. కానీ మళ్లీ వానాకాలంలో కర్ర ఉబ్బినప్పుడు మైనానికి అడ్డుపడి పలక పగులుతుంది. ఆ సంగతి ఆనందరావు దాచకుండా చెప్పాడు. ఒకసారి నిజం చెప్పాక రెండోసారి అంత కష్టమనిపించలేదు.

"మైనం వద్దండి. నెమ్మదిగానే చేద్దాం. పాడితే పాడుద్ది, లేకపోతే లేదు," అంది కరుణ.

పెట్టెను కిందికి దింపి, వెనక నడవలో ఎండ తగలని చోట బల్ల మీద పెట్టారు. పక్కన కొత్త కుండ నిండా నీళ్లు, మూతికి తడి గోనెపట్టా. సుధీర్‌కు హుషారు ఎక్కువైంది. చెమ్మ పీల్చే మిషను ఉన్నట్టే చెమ్మ ఊదే మిషను కూడా ఉందని ఫోనులో చూపించాడు.

"వద్దు బావగారూ. ఒక మిషనుతో పడింది చాలు. మన గోదావరి గాలికి ఎవరూ కరెంటు ఇవ్వక్కర్లేదు," అన్నాడు ఆనందరావు. జీవితంలో మొదటిసారి ఆ గాలిని తిట్టకుండా పేరు తలిచాడు.

రోజూ పొద్దున్న ఈనె పరీక్ష. మూడో రోజు ఈనె మునుపటిలాగే హాయిగా దూరింది. ఎనిమిదో రోజు కాస్త పట్టి దూరింది. ఈ లోపల ముడుచుకుపోయిన తోళ్లు ఆరు మార్చాడు. పదమూడో రోజు ఈనె సగంలో ఆగితే సుధీర్ ఫోటో తీసి బంధువులందరికీ పంపించాడు. వాళ్లలో ఒక్కరికీ అదేమిటో అర్థంకాలేదు. పండుగ ముందురోజు ఆనందరావు ఈనె పెట్టి తోశాడు. అది వంగి, చిటుక్కున విరిగింది. కరుణ తిత్తి ఊదింది. మెట్ల మీద ఎవరి వేలూ లేదు. పెట్టె ఊరుకుంది.

కోత పండుగ ఆదివారం చర్చి నిండిపోయింది. గెలలు, కొబ్బరిబోండాలు, తొలి పనలు బలిపీఠం ముందు పేర్చారు. పాటకు ముందు సాక్ష్యాలు. జ్వరం తగ్గినవాళ్లు, వీసా వచ్చినవాళ్లు ఒక్కొక్కరే లేచి దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నారు. పాస్టరుగారు ఇంకెవరైనా ఉన్నారా అన్నారు. మగవాళ్ల వరసలోంచి ఆనందరావు లేచాడు. ఆయన సాక్ష్యం చెప్పగా ఎవరూ ఎన్నడూ వినలేదు గనక చర్చి మొత్తం వెనక్కి తిరిగింది.

"నేను పెట్టెలు బాగుచేస్తానని మీ అందరికీ తెలుసండి. మాస్టారి పెట్టెని పొడిగా ఉంచమని చెప్పి, దాని గొంతు ఎండగట్టింది నేనేనండి. రావులపాలెం నుంచి దిండి దాకా ఇంకో పదకొండు పెట్టెల్ని ఏసీ గదుల్లో పెట్టించింది కూడా నేనే. తప్పు నాది. రేపట్నుంచి ఒక్కొక్క ఇంటికీ వచ్చి చెబుతాను. మీలో ఎవరికైనా బీరువాలు, తలుపులు బీటలు వారుతుంటే ఏసీ పూటంతా వెయ్యకండి, కిటికీలు తీసి గాలి రానివ్వండి. అంతేనండి," అని కూర్చున్నాడు.

సాక్ష్యం అయ్యాక ఆమెన్ అనడం ఆనవాయితీ. ఈ సాక్ష్యానికి అనాలో అక్కర్లేదో ఎవరికీ తేలలేదు. పాస్టరుగారు కూడా ఇటూ అటూ చూశారు. ఆనందరావు చెవులు ఎర్రబడిపోయాయి.

ముందు వరసలో కరుణ పెట్టె దగ్గర కూర్చుని ఉంది. తిత్తి మీద చెయ్యి వేసి ఊదింది. నాలుగు వారాల కిందట పిలవకుండా పలికిన ఆ నల్లమెట్టు మీదే వేలుంచి నొక్కింది. స్వరం నిండుగా, చర్చి దూలాలదాకా లేచింది. వేలు తీసింది. స్వరం ఠక్కున ఆగిపోయింది.

అప్పుడు సంఘమంతా ఆమెన్ అంది.

ఆ వెంటనే మాస్టారి పాట మొదలైంది. అందరూ లేచి నిలబడ్డారు. ఆనందరావు కూడా నిలబడ్డాడు గానీ, పాట పాడలేకపోయాడు. ఆడవాళ్ల వరసలోకి చూశాడు. రూతు పాటల పుస్తకం మూసి ఆయన వంకే చూస్తోంది. ఏమంటావు అన్నట్టు ఆయన కనుబొమలు ఎగరేశాడు. ఆవిడ పెదాలు కదిలాయి. పాట హోరులో వినబడకపోయినా, ఆయ్ అందని ఆయనకు తెలిసింది. ఈసారి అందులో సరేనండి తప్ప ఇంకే అర్థమూ లేదు.